చెరువు మరణాల్లో నిజం తేల్చేదెవరు?

దుర్గం చెరువులోనో, మల్కం చెరువులోనో, ఖాజాగూడ పెద్ద చెరువులోనో మృతదేహం కనిపించిన ప్రతిసారీ సైబరాబాద్‌లో ఒకే ప్రశ్న లేస్తుంది. కాలు జారి పడ్డారా, తామే ప్రాణం తీసుకున్నారా, ఎవరైనా చంపి పడేశారా? మధ్యాహ్నానికి గజ ఈతగాళ్లు శవాన్ని ఒడ్డుకు చేరుస్తారు. సాయంత్రానికి ఉస్మానియా మార్చురీకి తరలిస్తారు. రాత్రి వార్తల్లో ‘ఆత్మహత్యగా ప్రాథమిక నిర్ధారణ’ అన్న మాట వినిపిస్తుంది. కన్నవాళ్లు నమ్మరు. పోస్టుమార్టం నివేదిక వస్తే అంతా తేలుతుందని పోలీసులు అంటారు, బంధువులూ ఆ ఆశతోనే ఎదురుచూస్తారు. ఫోరెన్సిక్ శాస్త్రంతో పరిచయమున్న ఎవరైనా ఇక్కడ చెప్పాల్సిన చేదు నిజం ఒకటుంది. వాళ్లు అడుగుతున్న ప్రశ్నకు ఆ నివేదికలో జవాబు దొరకడం చాలా అరుదు. మునిగి చనిపోయారా లేదా అన్నంతవరకు శరీరం కొంత చెబుతుంది. నీళ్లలోకి ఎలా వెళ్లారన్నది శరీరం చెప్పదు. అది గట్టు మీద, కెమెరాలో, ఫోనులో, ఆ చెరువు నీళ్లలో ఉంటుంది. మన విచారణ మాత్రం భారమంతా శవం మీద మోపి, మిగతా సాక్ష్యాన్ని తొలి గంటల్లోనే చేజార్చుకుంటోంది.

మునక మరణానికి తిరుగులేని గుర్తు ఒక్కటీ లేదు. ముక్కు, నోటి దగ్గర సన్నని తెల్లని నురగ పెద్ద ఆధారమని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. అదే నురగ పురుగుమందు తాగినవారిలోనూ, గుండె ఒక్కసారిగా విఫలమైనవారిలోనూ కనిపిస్తుంది. శవం కుళ్లడం మొదలైతే అదీ మాయమవుతుంది. ఊపిరితిత్తులు ఉబ్బి బరువెక్కడం, వాటి మీద ఆస్ట్రియా వైద్యుడు పాల్టాఫ్ 19వ శతాబ్దం చివర్లో వర్ణించిన నెత్తుటి మచ్చలు, కడుపులో నీళ్లు, ఇవన్నీ ఉంటే మునకను బలపరుస్తాయి, లేనంత మాత్రాన కొట్టిపారేయలేం. చేతులు, పాదాల చర్మం ముడతలు పడిందంటే శరీరం నీళ్లలో నానిందనే అర్థం, ప్రాణంతో పడిందని కాదు. బిగిసిన పిడికిలిలో గుర్రపుడెక్క వేరో, ఒడ్డు గడ్డో, అడుగు బురదో దొరికితే అది విలువైన సాక్ష్యం. పడేనాటికి ఆ మనిషి బతికే ఉన్నాడని, బతకడానికి పెనుగులాడాడని అది చెబుతుంది. అయితే ఒడ్డుకు లాగే హడావుడిలో ఆ పిడికిలిని ఫొటో తీసేవారెందరు? ఇక ఒంటిమీది గాయాల సంగతి. తాబేళ్లు, చేపలు కొరికినవి, బండలకు రాసుకున్నవి, ఎత్తునుంచి పడినప్పుడు నీటి తాకిడికి విరిగిన పక్కటెముకలు, శవాన్ని లాగిన కొక్కేల గీతలు, వీటన్నిటినీ దెబ్బల నుంచి వేరుచేయాలి. అందుకే ఫోరెన్సిక్ వైద్యంలో మునకను మిగిలిన కారణాలన్నీ ఒక్కొక్కటిగా తోసిపుచ్చాకే నిర్ధారిస్తారు. విషం లేదని తేలాలి, గొంతు నులిమిన ఆనవాలు లేదని తేలాలి, గుండె జబ్బు కాదని తేలాలి. జపాన్‌లో ఏటా వేలమంది వృద్ధులు వేడినీళ్ల తొట్టెల్లో చనిపోతున్నారు. వారిలో ఎవరిని నీళ్లు చంపాయి, ఎవరు గుండె ఆగి నీళ్లలోకి ఒరిగారు అన్నది అక్కడి నిపుణులకు నేటికీ వాదనే.

మరణ కారణం వేరు, మరణం సంభవించిన తీరు వేరు. మొదటిది వైద్యుడి పని. ప్రమాదమా, ఆత్మహత్యా, హత్యా అన్న రెండోది మొత్తం విచారణ తేల్చవలసిన విషయం. 2018 ఫిబ్రవరిలో నటి శ్రీదేవి దుబాయ్‌లో మరణించినప్పుడు ధ్రువపత్రంలో ‘ప్రమాదవశాత్తు మునక’ అని రాయడం మన టీవీ చర్చల్లో పెద్ద దుమారం రేపింది. ప్రమాదమని డాక్టరుకెలా తెలుసని చాలామంది అడిగారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. అక్కడ ప్రాసిక్యూషన్ విభాగం విచారించి కేసు మూసింది కాబట్టి ఆ మాటకు వైద్యేతర ఆధారం ఉంది. మన దగ్గర అదే ప్రశ్నను రోజూ వచ్చే అనామక కేసుల్లో ఎవరూ అడగడం లేదు.

ఐటీ కారిడార్‌లోనే జరిగిన ఒక దుర్ఘటన ఈ తేడాను బాగా తెలియజెబుతుంది. 2021 సెప్టెంబర్ 25 రాత్రి భారీ వానలో మణికొండ గోల్డెన్ టెంపుల్ ప్రాంతంలో ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీరు రోడ్డు పక్కన పనులు జరుగుతున్న డ్రైనేజీ గుంతలో పడిపోయాడు. రెండు రోజుల తర్వాత మృతదేహం నెక్నాంపూర్ చెరువులో దొరికింది. ఆయన పడిపోతున్న క్షణం సెల్‌ఫోన్ వీడియోలో రికార్డయింది కాబట్టే అది పాలనా నిర్లక్ష్యంతో జరిగిన మరణమని నగరమంతటికీ తెలిసింది. ఆ వీడియో లేకపోతే? చెరువులో ఒక యువకుడి శవం, ఒంటిపై రాపిడి గాయాలు, మిస్సింగ్ ఫిర్యాదు. ‘ఉద్యోగ ఒత్తిడి’ అన్న ఊహాగానం మొదలవడానికి ఎంతో సేపు పట్టేది కాదు. నాలాలోకి జారినవాళ్లు నాలాలో దొరకరు. 2020 సెప్టెంబర్‌లో నేరేడ్‌మెట్‌లో సైకిల్ మీద వెళ్లిన 12 ఏళ్ల బాలిక నాలాలో కొట్టుకుపోయి బండ చెరువులో తేలింది. అంటే మన నగరంలో శవం దొరికిన చెరువును ఘటనాస్థలమని తేలిగ్గా అనుకోకూడదు. ఎగువన ఏ నాలా కలుస్తుంది, ఆ రాత్రి ఎంత వాన పడింది, ఎక్కడ మ్యాన్‌హోల్ మూత లేదు, ఎక్కడ గుంత తవ్వి వదిలేశారు, ఈ ప్రశ్నలు పంచనామాలో ఉండాలి. ఉంటున్నాయా?

2024 ఏప్రిల్‌లో గచ్చిబౌలి అంజయ్యనగర్‌లోని ఒక హాస్టల్‌లో మూత తీసి ఉంచిన సంపులో పడి ఓ యువ ఇంజనీరు చనిపోయిన ఉదంతం కూడా అలాంటిదే. ఆయన మామూలుగా నడిచి వస్తూ సంపులోకి జారిపోవడం సీసీటీవీలో నమోదైంది. ఆ కొద్ది సెకన్ల దృశ్యం కేసు స్వభావాన్నే నిర్ణయించింది. శవపరీక్ష ఎంత బాగా చేసినా ‘మునక’ అన్న ఒక్క మాట దగ్గర ఆగిపోయేది. హైదరాబాద్‌లో నీటి మరణమంటే చెరువు మాత్రమే కాదు. వాచ్‌మన్ పిల్లలు పడే సంపులు, వాననీళ్లు నిండిన సెల్లార్ గుంతలు, నానక్‌రామ్‌గూడ వైపు పాత క్వారీ గుంటలు, ఇవన్నీ లెక్కలోకి వస్తాయి. ఈ చోట్లలో చనిపోయేది ఎక్కువగా కూలీల పిల్లలు. వారి తరఫున టీవీ కెమెరాలు రావు.

దీనికి పూర్తిగా భిన్నమైనది వరంగల్ జిల్లా గొర్రెకుంట ఉదంతం. 2020 మే 21, 22 తేదీల్లో గోనెసంచుల ఫ్యాక్టరీ ఆవరణలోని బావి నుంచి తొమ్మిది మృతదేహాలు తీశారు. వారిలో ఆరుగురు పశ్చిమ బెంగాల్ నుంచి వలస వచ్చిన ఒకే కుటుంబంవాళ్లు. లాక్‌డౌన్ రోజులు, పనుల్లేవు, జీతాల్లేవు, పైకి పెద్దగా గాయాల్లేవు. సామూహిక ఆత్మహత్య అని మొదట చాలామంది అనుకున్నారు. శవాలు మాత్రమే చూసి ఉంటే ఆ నిర్ణయానికి రావడం కష్టం కాదు కూడా, ఎందుకంటే ప్రాణం ఉండగానే నీళ్లలో పడిన లక్షణాలు వారిలో కనిపించాయి. పోలీసులు ఆ దగ్గరే ఆగలేదు. బావి చుట్టూ పరిశీలించారు, లోపలి అవయవాల నమూనాలను (విస్సెరా) పరీక్షలకు పంపారు, ఫోన్లు, సీసీటీవీ దృశ్యాలు జల్లెడ పట్టారు. అన్నంలో నిద్రమాత్రలు కలిపి, స్పృహ తప్పినవారిని ఒక్కొక్కరినీ ఒక వ్యక్తి లాక్కెళ్లి బావిలో వేశాడని తేలింది. అంతకుముందు జరిగిన మరో మహిళ హత్యను కప్పిపుచ్చడానికే ఈ ఘాతుకమని వెల్లడైంది. ఆరు నెలల్లోపే, 2020 అక్టోబర్ 28న, వరంగల్ కోర్టు దోషికి మరణశిక్ష విధించింది. మణికొండ గుంతలో పడి చెరువులో తేలిన దేహం, గొర్రెకుంటలో బావిలో తేలిన దేహాలు వైద్యపరంగా ఒకే మాట చెప్పాయి: నీళ్లలో మునిగి చనిపోయారు. ఒకటి నిర్లక్ష్యం, ఇంకొకటి హత్య. తేడా చూపింది శరీరాలకు బయట దొరికిన సాక్ష్యం.

పోలీసులు తొలిరోజు చెప్పిన మాటకు కట్టుబడి కూర్చుంటే ఏమవుతుందో కేరళ చూపింది. 1992 మార్చిలో కొట్టాయంలో ఒక కాన్వెంట్ బావిలో సిస్టర్ అభయ మృతదేహం దొరికింది. స్థానిక పోలీసులు, ఆ తర్వాత క్రైమ్ బ్రాంచ్ ఆత్మహత్య అన్నారు. కేసు సీబీఐకి వెళ్లి, ఎన్నో మలుపులు తిరిగి, 2020 డిసెంబర్‌లో ప్రత్యేక కోర్టు హత్యగా నిర్ధారించి శిక్షలు వేసింది. 2022లో హైకోర్టు ఆ శిక్షలను నిలిపివేసి బెయిల్ ఇచ్చింది. తలమీది గాయాలు ముందు తగిలాయా, బావిలో పడేటప్పుడు తగిలాయా అన్న ప్రశ్న మీద నిపుణులు దశాబ్దాలు వాదించుకున్నారు. మొదటి రోజు సాక్ష్యాన్ని సరిగ్గా భద్రపరచి ఉంటే ఆ వాదనలో సగం అవసరం పడేది కాదు.

ఇక డయాటమ్ పరీక్ష. మన కోర్టుల్లో, వార్తల్లో దీనికున్న పేరు పెద్దది. డయాటమ్‌లు అంటే నీళ్లలో బతికే సూక్ష్మ శైవలాలు. వాటికి సిలికాతో చేసిన గట్టి పెంకు ఉంటుంది. ప్రాణం ఉన్న మనిషి నీళ్లలో ఊపిరి పీల్చినప్పుడు అవి ఊపిరితిత్తుల్లోకి వెళ్తాయి, చిన్నవి రక్తంలో కలిసి ఎముక మజ్జ వరకు చేరతాయి. శవాన్ని నీళ్లలో పడేస్తే గుండె కొట్టుకోదు కాబట్టి మజ్జకు చేరవు. సూత్రం ఇదీ. 1904లో జర్మనీలో రెవెన్‌స్టార్ఫ్ దీన్ని వాడటం మొదలుపెట్టాడు. 1942లో హంగరీ శాస్త్రవేత్త ఇంట్సె అవి రక్తప్రసరణలోకి వెళ్లగలవని చూపాడు. అప్పటినుంచీ ఫోరెన్సిక్ నిపుణులు రెండు శిబిరాలుగా చీలిపోయారు. సరిగ్గా చేస్తే ఇది బలమైన ఆధారమని ఒక వర్గం. గాలిలో, ఆహారంలో, తాగే నీళ్లలో కూడా డయాటమ్‌లు ఉంటాయి, నీళ్లకు దూరంగా చనిపోయినవారి దేహాల్లోనూ అవి దొరికాయి, కాబట్టి నమ్మలేమని మరో వర్గం. బ్రిటన్‌లో ఈ సందేహం బలపడి వాడకం తగ్గింది. చైనాలో ఇందుకు విరుద్ధంగా జరిగింది. గ్వాంగ్జౌ నిపుణులు కణజాలాన్ని మైక్రోవేవ్‌లో కరిగించి, వాక్యూమ్ ఫిల్టర్ చేసి, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో లెక్కించే పద్ధతిని అభివృద్ధి చేశారు. పాత పద్ధతిలో గాఢ నైట్రిక్ ఆమ్లంలో ఉడికించేటప్పుడు పోయే డయాటమ్‌లు ఇందులో నిలుస్తాయి. ఊపిరితిత్తుల్లో ఎన్ని ఉన్నాయి, చెరువు నీళ్లలో ఎన్ని ఉన్నాయి అన్న నిష్పత్తిని వారు పోల్చి చూస్తారు. ఉన్నాయా లేవా అన్న ప్రశ్న కంటే ఎన్ని ఉన్నాయన్న ప్రశ్న మెరుగైనది. నా అభిప్రాయంలో ఈ వాదంలో ఇద్దరూ సగం సగం కరెక్టే. పోల్చడానికి నీటి నమూనా లేని డయాటమ్ పరీక్ష దాదాపు వ్యర్థం, నమూనా ఉన్న పరీక్ష ఎంతో విలువైనది.

మన బలహీనత సరిగ్గా అక్కడే. శవపరీక్షలో రొమ్ము ఎముకనో తొడ ఎముకనో తెరవకుండా భద్రపరచి రెడ్ హిల్స్‌లోని రాష్ట్ర ఫోరెన్సిక్ ల్యాబొరేటరీకి (ఎఫ్‌ఎస్‌ఎల్) పంపడం డాక్టర్లకు అలవాటే. శవం దొరికిన చోటి నుంచి, అదే రోజు, శుభ్రమైన సీసాలో చెరువు నీళ్లు పట్టి పంపాల్సింది పోలీసులు. ఆ సీసా రాకపోతే ల్యాబ్ చెప్పగలిగేది ‘డయాటమ్‌లు కనిపించాయి’ లేక ‘కనిపించలేదు’ అని మాత్రమే. మార్చురీ బల్లను, పనిముట్లను నల్లా నీళ్లతో కడిగితే ఆ నీళ్లలోని డయాటమ్‌లే ఎముకకు అంటుకునే ప్రమాదం కూడా ఉంది. పైగా హైదరాబాద్ చెరువులకు ఒక ప్రత్యేక చిక్కుంది. ఒకప్పుడు గోల్కొండ కోటకు తాగునీరందించిన దుర్గం చెరువులోకి చుట్టుపక్కల కాలనీల మురుగు దశాబ్దాలపాటు చేరింది. మురుగు చేరిన నీళ్లలో నిట్జ్‌షియా పేలియా లాంటి, కాలుష్యాన్ని తట్టుకునే కొద్ది జాతులే రాజ్యమేలుతాయి. అన్ని చెరువుల్లోనూ అవే ఉంటే, మనిషి దుర్గం చెరువులో మునిగాడా, వేరే చోట మునిగి ఇక్కడికి చేరాడా అన్నది డయాటమ్ జాతుల ఆధారంగా చెప్పడం కష్టం. శుభ్రమైన కొండవాగు నీటిని గుర్తుపట్టినంత తేలిగ్గా మియాపూర్ చెరువును, నల్లగండ్ల చెరువును వేరుచేయలేం.

కష్టమే కానీ అసాధ్యం కాదు. నీలి ఆకుపచ్చ శైవలాల జన్యుపదార్థాన్ని పీసీఆర్ పద్ధతిలో అవయవాల్లో వెతకడం జపాన్, చైనాల్లో ముందుకు సాగింది. మురికి చెరువుల్లో పచ్చగా పేరుకునే మైక్రోసిస్టిస్ లాంటివి ఇలా బయటపడతాయి. డీఎన్‌ఏ శాస్త్రంలో మనకు లోటు లేదు. సీసీఎంబీలో శాస్త్రవేత్త లాల్జీ సింగ్ భారతీయ డీఎన్‌ఏ ఫింగర్‌ప్రింటింగ్‌కు ప్రాణం పోసింది ఈ నగరంలోనే, డీఎన్‌ఏ ఫింగర్‌ప్రింటింగ్ జాతీయ కేంద్రం ఉన్నది ఉప్పల్‌లోనే, కేంద్ర ఫోరెన్సిక్ ల్యాబ్ రామంతాపూర్‌లోనే. చెరువుల శైవలాల గురించి కూడా కొత్తగా మొదలుపెట్టనక్కరలేదు. 1960ల్లో ఉస్మానియా వృక్షశాస్త్ర విభాగం నుంచి ఎ.ఆర్. జాఫర్ హైదరాబాద్ కుంటల, చెరువుల శైవలాల మీద, వి. వెంకటేశ్వర్లు మూసీ శైవలాల మీద, కాలుష్యంతో అవి ఎలా మారతాయన్నదాని మీద అంతర్జాతీయ పత్రికల్లో పరిశోధనలు ప్రచురించారు. ఆ సంప్రదాయాన్ని నేర పరిశోధనకు ఎవరూ వాడుకోలేదు. డయాటమ్ పెంకుల చిత్రాలను కంప్యూటర్ చేత గుర్తింపజేసే పని చైనాలో జరుగుతోంది. మైక్రోస్కోపు ముందు గంటల తరబడి కూర్చునే నిపుణులు మనకు తక్కువ. ఆ లోటును తీర్చగల చిత్ర విశ్లేషణ పరిశోధకులు గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీలో ఉన్నారు. దుర్గం చెరువుకు అది కొద్ది కిలోమీటర్ల దూరమే.

ఇక చట్టం. అనుమానాస్పద మృతుల విచారణ 2024 జులై 1 నుంచి భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 194వ సెక్షన్ కింద జరుగుతోంది. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోని 174వ సెక్షన్‌కు ఇది వారసురాలు. స్థానికులైన ఇద్దరు ముగ్గురు పెద్దమనుషుల సమక్షంలో శవ పంచనామా రాసి, 24 గంటల్లో మేజిస్ట్రేట్‌కు పంపాలి. అదే సంహితలోని 176(3) ఒక మంచి నిబంధన తెచ్చింది. ఏడేళ్లు, అంతకుమించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణుడు ఘటనాస్థలానికి వెళ్లి సాక్ష్యం సేకరించాలి, వీడియో తీయాలి. రాష్ట్రాలు దీన్ని అయిదేళ్లలోపు అమల్లోకి తేవాలి. అయితే చెరువులో దొరికిన శవం ‘నేరం’ కింద నమోదు కాదు. అనుమానాస్పద మృతిగానే మొదలవుతుంది. కాబట్టి నిపుణుడు రావడం తప్పనిసరి కాదు. నేరమని తేలాక వస్తాడు. నేరమో కాదో తేలాలంటే ఆయన ముందే రావాలి. చట్టంలోని ఈ ఖాళీని పార్లమెంటు దాకా వెళ్లకుండానే పూడ్చవచ్చు. నీటిలో దొరికిన ప్రతి మృతదేహం దగ్గరికి ఆధారాలు సేకరించే క్లూస్ టీం వెళ్లాలని కమిషనరేట్ ఒక స్థాయీ ఉత్తర్వు ఇస్తే చాలు.

ఆ టీం ఏం చేయాలన్నదానికి వేయి సంవత్సరాలకు పైబడిన పాఠాలున్నాయి. కౌటిల్యుడి అర్థశాస్త్రం నాలుగో అధికరణంలో హఠాన్మరణాల పరీక్షకు ఒక అధ్యాయమే ఉంది, మునిగి చనిపోయినవారి లక్షణాలు అందులో ఉన్నాయి. చైనా న్యాయాధికారి సుంగ్ త్సు 1247లో రాసిన గ్రంథం బతికుండగా పడినవారిని, చనిపోయాక పడేసినవారిని వేరుచేసే ప్రయత్నం చేసింది. నేటి భాషలో చెప్పాలంటే గాలి, నీటి ఉష్ణోగ్రతలు, శవం ఉన్న లోతు, ఒడ్డు నుంచి దూరం, గట్టుమీది జాడలు, చెప్పులు, ఫోను, బండి ఎక్కడున్నాయి అన్నవి రాయాలి. ఉష్ణోగ్రత ఎందుకంటే, హైదరాబాద్ ఎండాకాలంలో శవం ఒకటి రెండు రోజుల్లోనే పైకి తేలుతుంది. మంచు కరిగి పారే నదుల్లో వారాలు పడుతుంది. మరణ సమయం ఎప్పుడన్న అంచనా దీనిమీదే ఆధారపడుతుంది. ఏ రోజు ఏ కెమెరా చూడాలన్నది ఆ అంచనా మీద ఆధారపడుతుంది. చాలా కెమెరాల్లో కొన్ని వారాలకు పాత దృశ్యాల మీద కొత్తవి నమోదైపోతాయి. దేశంలో ఎక్కువ కెమెరాలున్న ప్రాంతాల్లో ఒకటైన ఈ ఐటీ కారిడార్‌లో ఆలస్యం వల్ల దృశ్యం పోవడం క్షమించరానిది.

ఫోన్ల విషయంలో జర్మనీలోని ఫ్రైబర్గ్ కేసు ప్రపంచానికి దారి చూపింది. 2016లో ఒక విద్యార్థిని డ్రైజామ్ నదిలో మునిగి చనిపోయి కనిపించింది. నిందితుడి ఫోనులోని ఆరోగ్య యాప్ ఆ సమయంలో ‘మెట్లు ఎక్కడం’ నమోదు చేసింది. ఆమెను నదీతీరం దాకా ఈడ్చి, మళ్లీ గట్టెక్కిన కదలికలతో అది సరిపోయింది. చేతికి స్మార్ట్‌వాచ్ లేని ఉద్యోగి అరుదైన మాదాపూర్‌లో ఇలాంటి సాక్ష్యం మరింత దొరుకుతుంది. చనిపోయిన మనిషి గోప్యత ఏం కావాలన్న అభ్యంతరం తీసిపారేయదగ్గది కాదు. ఫోనులో బయటపడిన వ్యక్తిగత సందేశాలు మరునాడే టీవీల్లో ప్రత్యక్షమవుతున్న తీరు చూస్తే ఆ భయం సహజం. సురక్షా సంహిత 94వ సెక్షన్ ఎలక్ట్రానిక్ పరికరాలను తెప్పించుకునే అధికారం ఇచ్చింది. ఆ సమాచారం మేజిస్ట్రేట్ ముందుకే తప్ప మీడియా ముందుకు వెళ్లకూడదన్న కట్టుబాటు కూడా అంతే గట్టిగా ఉండాలి.

ఇతర దేశాల వ్యవస్థల్లో మనకు ముఖ్యంగా కనిపించవలసింది విచారణాధికారి స్వతంత్రత. ఇంగ్లండ్‌లో కరోనర్ పోలీసుల కింద పనిచేయడు. బహిరంగంగా విచారిస్తాడు, కుటుంబం ప్రశ్నలు అడగవచ్చు. ఆధారాలు చాలకపోతే ‘తేలలేదు’ అని నిజాయితీగా రాస్తాడు. మళ్లీ అలాంటి మరణం జరగకుండా ఏం చేయాలో సంబంధిత సంస్థకు నివేదిక పంపితే, ఆ సంస్థ 56 రోజుల్లో జవాబివ్వాలి. 2024 ఏప్రిల్‌లో స్కాట్లండ్‌లోని లిన్ ఆఫ్ టమ్మెల్ జలపాతం దగ్గర ఇద్దరు తెలుగు విద్యార్థులు మునిగి చనిపోయినప్పుడు కేసు అక్కడి ప్రభుత్వ ప్రాసిక్యూటరైన ప్రొక్యురేటర్ ఫిస్కల్‌కు వెళ్లింది. అనుమానాస్పదంగా ఏమీ కనిపించకపోయినా అలా వెళ్లడం అక్కడి పద్ధతి. అమెరికాలో మెడికల్ ఎగ్జామినర్లు సహజం, ప్రమాదం, ఆత్మహత్య, హత్య, తేలనిది అని అయిదు విధాలుగా నమోదు చేస్తారు. మనకూ కరోనర్లు ఉండేవారు. 1871 చట్టం కింద కలకత్తా, బొంబాయి వంటి కొద్ది నగరాలకు మాత్రమే. బొంబాయిలో 1999లో ఆ పదవి రద్దయింది. ఆ వ్యవస్థ తిరిగి తెస్తే అన్నీ చక్కబడతాయని నేననను. అదే ఇంగ్లండ్‌లో 1912 నుంచి 1914 మధ్య జార్జ్ జోసెఫ్ స్మిత్ అనే వ్యక్తి పెళ్లాడిన ముగ్గురు స్త్రీలు స్నానపు తొట్టెల్లో చనిపోయారు. ప్రతిసారీ కరోనర్ విచారణ దురదృష్టకర మరణమనే ముగించింది. పత్రికలో వార్త చూసి ఒక బాధితురాలి తండ్రి పోలికను పట్టుకోబట్టి 1915లో అతను దొరికాడు. ఒక్కో మరణాన్ని విడివిడిగా చూసినప్పుడు కనిపించనిది, మూడింటినీ పక్కపక్కన పెడితే కనిపించింది. నీటి మరణాలను ఒకచోట చేర్చి ఏటా పోల్చి చూసే యంత్రాంగం మనకు లేదు. బ్రిటన్ నీటి ప్రమాదాలన్నిటికీ ఒకే జాతీయ నమోదు నడుపుతోంది. అయినా మాంచెస్టర్ కాలువల్లో వరుస మరణాల వెనుక హంతకుడున్నాడన్న పుకారు ఏళ్ల తరబడి ఆగలేదు. లెక్కలున్న చోటే అలా ఉంటే, లెక్కలు లేని చోట వాట్సాప్ ఏం చేస్తుందో చెప్పనక్కరలేదు.

అంకెల సంగతీ చూడాలి. దేశంలో ఏటా దాదాపు 38 వేలమంది మునిగి చనిపోతున్నారని 2023 డిసెంబర్‌లో కేంద్ర ఆరోగ్యశాఖ విడుదల చేసిన మునక నివారణ విధాన పత్రం చెప్పింది. ప్రపంచవ్యాప్తంగా 2021లో ఈ సంఖ్య 3 లక్షలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అంతర్జాతీయ వ్యాధుల వర్గీకరణ పదో కూర్పులో ప్రమాదవశాత్తు మునకకు, ఉద్దేశపూర్వక మునకకు, హత్యకు, ఉద్దేశం తేలని మునకకు వేర్వేరు సంకేతాలున్నాయి. చివరిదాని సంకేతం వై21. మన ఫైళ్లలో తేలని మరణాన్ని కూడా ప్రమాదం అరలోనో ఆత్మహత్య అరలోనో తోసేస్తారు, ఎందుకంటే ఏదో ఒకటి రాస్తేనే ఫైలు మూతపడుతుంది. దీని ఫలితం కుటుంబం మీద నేరుగా పడుతుంది. పాలసీ తీసుకున్న తొలి ఏడాదిలో ఆత్మహత్యకు జీవిత బీమా పూర్తిగా రాదు. ఐటీ సంస్థలు ఉద్యోగులకిచ్చే వ్యక్తిగత ప్రమాద బీమా ప్రమాదమని తేలితేనే వస్తుంది. సైట్ మీద సెల్లార్ గుంతలో పడిన కూలీ కుటుంబానికి చట్టప్రకారం పరిహారం అందాలన్నా మరణ తీరు స్పష్టంగా రాసి ఉండాలి. ఎస్సై రాసిన ఒక్క పదం వెనుక లక్షల రూపాయలు, అంతకు మించి ఆ ఇంటి గౌరవం, చెల్లెలి పెళ్లి మాటలు ఉంటాయి.

బాధ్యత ఎవరిదన్నదీ అలాగే. 2014 జూన్ 8న బాచుపల్లిలోని ఇంజనీరింగ్ కళాశాల విద్యార్థులు 24 మంది హిమాచల్‌లో బియాస్ నదిలో కొట్టుకుపోయారు. లార్జి జలవిద్యుత్ ప్రాజెక్టు గేట్లు ఎత్తారు. చల్లటి నీళ్లలో కొందరి దేహాల కోసం వారాల తరబడి గాలించాల్సి వచ్చింది. ఆ పిల్లలు ఎలా చనిపోయారన్నది ఏ శవపరీక్షా కొత్తగా చెప్పలేదు. గేట్లు ఎప్పుడు ఎత్తారు, హెచ్చరిక ఎవరు ఇవ్వలేదు అన్న రికార్డులే చెప్పాయి. హిమాచల్ హైకోర్టు తనంతట తానుగా కేసు చేపట్టి, బాధ్యత నిర్ణయించి, పరిహారం ఇప్పించింది. మణికొండ గుంతకైనా, అంజయ్యనగర్ సంపుకైనా అదే సూత్రం. మూత ఎవరు తీశారు, కంచె ఎవరు కట్టలేదు అన్నది విచారణలో ఒక భాగం కావాలి. దుర్గం చెరువు తీగల వంతెన వంటి చోట్ల ఇంకో కోణముంది. ఉద్దేశపూర్వక మరణాలు ఎక్కడ, ఏ వేళల్లో జరుగుతున్నాయో కచ్చితంగా తెలిస్తే అక్కడ వల, కంచె, గస్తీ పెట్టవచ్చు. అలాంటి అడ్డంకులు ప్రాణాలు నిలబెడతాయని ఎన్నో దేశాల అనుభవం. శాన్‌ఫ్రాన్సిస్కో గోల్డెన్ గేట్ వంతెనకు 2024 జనవరి నాటికి పూర్తిగా వల కట్టారు. దుర్గం చెరువు వంతెన మీద మానసిక సహాయవాణి టెలిమానస్ నంబరు 14416 కనిపించేలా ఉంచడానికి పెద్ద ఖర్చేమీ కాదు.

పోలీసుల వాదన కూడా వినాలి. ఒక్కో స్టేషన్‌కు వచ్చే అనుమానాస్పద మృతుల్లో అత్యధికం నిజంగానే ప్రమాదాలో, ఆత్మహత్యలో. అన్నిటినీ హత్య కేసుల్లా దర్యాప్తు చేస్తే సిబ్బంది సరిపోరు, దుఃఖంలో ఉన్న కుటుంబాన్ని రోజుల తరబడి నిలబెట్టడమూ తగదు. ఎఫ్‌ఎస్‌ఎల్ నివేదికలు నెలల తరబడి ఆలస్యమైతే మేమేం చేస్తామని కూడా వారడుగుతారు. ఈ మాటల్లో నిజముంది. హత్య కేసులా దర్యాప్తు చేయమని ఎవరూ అనడం లేదు. తొలి ఆరు గంటల్లో ఒక సీసా నీళ్లు, ఒక థర్మామీటర్, ఇరవై ఫొటోలు, చుట్టుపక్కల కెమెరాల దృశ్యాలను భద్రపరచమని ఒక నోటీసు. ఇవి ఉంటే తర్వాత ఎప్పుడు అనుమానం వచ్చినా వెనక్కి వెళ్లి చూడవచ్చు, లేకపోతే ఎంత పెద్ద సంస్థకు కేసు అప్పగించినా చూడటానికి ఏమీ మిగలదు. రాత్రి శవపరీక్షల విషయంలోనూ ఇదే జాగ్రత్త కావాలి. 2021 నవంబర్‌లో కేంద్రం సూర్యాస్తమయం తర్వాత శవపరీక్షకు అనుమతించినా హత్య, ఆత్మహత్య, కుళ్లిన శవాలు, అనుమానం ఉన్న కేసులను మినహాయించింది. నీటి మరణాలన్నీ దాదాపు ఆ మినహాయింపులోకే వస్తాయి. పలుకుబడితో తొందరపెట్టేవారికి డాక్టర్లు ఆ ఉత్తర్వు చూపించగలగాలి.

డయాటమ్ పరీక్షలో పోల్చడానికి కావలసిన చెరువుల జీవజాల పట్టిక తయారు చేయడం ఎవరి పనన్న తగవు రాకముందే ఒక సంగతి గుర్తించాలి. కాలుష్య నియంత్రణ మండలి సిబ్బంది ప్రతి నెలా నగరంలోని చెరువుల నుంచి నీళ్లు పట్టి పరీక్షిస్తున్నారు. దుర్గం చెరువు కూడా ఆ జాబితాలో ఉంది. వాళ్లు పట్టే సీసాకు తోడు ఇంకో చిన్న సీసా పట్టి, శైవలాలు చెడిపోకుండా లుగోల్ అయోడిన్ చుక్కలు వేసి, చెరువు పేరు, తేదీ రాసి రెడ్ హిల్స్ ల్యాబొరేటరీకి పంపితే ఏడాది తిరిగేసరికి ఏ నెలలో ఏ చెరువులో ఏ డయాటమ్‌లు ఉంటాయో రాష్ట్రం చేతిలో ఉంటుంది. ఉస్మానియా వృక్షశాస్త్ర విద్యార్థులు వాటిని గుర్తించగలరు. సైబరాబాద్ కమిషనరేట్, కాలుష్య మండలి, ఎఫ్‌ఎస్‌ఎల్ మధ్య ఒక ఉత్తరం నడిస్తే వచ్చే వానాకాలం లోపే ఈ పని మొదలుపెట్టవచ్చు.